జింక పెంటికల్లో పరాన్నజీవి కనిపిస్తే నేరం జింకదేనా?

చర్చ ప్రారంభించిన సభ్యుడు: తాగునీటి జలాశయాల చుట్టూ తిరిగే అడవి జింకల పెంటికల్లో విరేచనాలు కలిగించే క్రిప్టోస్పోరిడియం, జియార్డియా అనే సూక్ష్మ పరాన్నజీవులు బయటపడుతున్నాయి కనుక, వాటిని పరీవాహక ప్రాంతం నుంచి తరలించాలని నా అభిప్రాయం. క్రిప్టోస్పోరిడియం లాంటి, క్లోరిన్‌కు లొంగని జీవి విషయంలో ఉదాసీనత పనికిరాదు.

రెండవ సభ్యుడు: మీ ఆందోళన అర్థమైంది గానీ, "బయటపడుతున్నాయి" అన్న మాట దగ్గరే నేను ఆగిపోయాను. పెంటికను ఉప్పునీటిలో కలిపి, పైకి తేలినదాన్ని సూక్ష్మదర్శిని కింద చూసినప్పుడు తరచుగా కంటబడేది ఐమీరియా అనే మరో పరాన్నజీవి. తడి, గాలి తగిలేలా కొన్ని రోజులు ఉంచితే దాని ఊసిస్టు (పెంటికతో బయటికి వచ్చే, గట్టి పెంకున్న గుడ్డులాంటి దశ) లోపల నాలుగు చిన్న సంచులు, ఒక్కో సంచిలో రెండేసి స్పోరోజోయిట్లు (సోకే రూపంలోని పరాన్నజీవులు) ఏర్పడతాయి. చూడముచ్చటైన దృశ్యమే, కానీ అది మనిషికి సోకదు. క్రిప్టోస్పోరిడియం సంగతి వేరు. సుమారు 5 మైక్రాన్ల ఊసిస్టు యాసిడ్‌ఫాస్ట్ రంగు (ఆమ్లంతో కడిగినా వదలని రంగు) పట్టి ఎర్రగా కనిపిస్తుంది. అయితే ఆ ఎర్రచుక్క మనిషికి సోకే జాతిదో, జింకలకే పరిమితమైనదో కంటితో తేల్చలేము, జన్యుపరీక్ష కావలసిందే. 1993లో అమెరికాలోని మిల్వాకీ నగరంలో తాగునీటి ద్వారా క్రిప్టోస్పోరిడియం సోకి సుమారు 4 లక్షల మంది జబ్బుపడినప్పుడు మొదట పశువుల మీద అనుమానం కలిగింది. తరువాతి జన్యుపరీక్షలు మాత్రం మనుషుల్లో తిరిగే హోమినిస్ జాతిని చూపాయి.

చర్చ ప్రారంభించిన సభ్యుడు: ఆ ఒక్క ఉదాహరణతో జింకలన్నీ నిర్దోషులైపోవు. ఒకప్పుడు "జింక జన్యురకం" అని పిలిచి, 2010లో క్రిప్టోస్పోరిడియం యుబిక్విటమ్ అని పేరుపెట్టిన జాతి మనుషుల్లోనూ దొరికింది కదా?

రెండవ సభ్యుడు: దొరికింది, కాదనను. జియార్డియాలో 'ఎ' (A) అనే రకం కూడా మనుషులకూ జింకలకూ ఉమ్మడిదే, కాకపోతే అందులో ఒక ఉపరకం ఎక్కువగా అడవి గిట్టజంతువులకే పరిమితం. జింకలను తరలించినా, ఈ పరాన్నజీవులు రాగల ఇతర మూలాలైన దూడలు, మురుగునీరు అక్కడే ఉంటాయి. అతినీలలోహిత కిరణాలతో శుద్ధిచేస్తే ఊసిస్టు ఎవరి నుంచి వచ్చినా నిర్వీర్యమవుతుంది. ఇంతకీ మీరు చూసిన నివేదికలో జాతి పేరు ఉందా?

చర్చ ప్రారంభించిన సభ్యుడు: లేదండీ, "క్రిప్టోస్పోరిడియం ఉంది" అన్నంతవరకే ఉంది. తరలింపు మాట ప్రస్తుతానికి పక్కన పెడతాను. కానీ నీటి ఒడ్డున మేత వేసి జింకలను ఒకేచోట గుమిగూడేలా చేయడాన్నైనా ఆపాలి.

రెండవ సభ్యుడు: అందుకు నాకు అభ్యంతరం లేదు.