అప్‌డేట్: పాత పుస్తకం అట్టలో దొరికిన గ్రీకు చర్మపత్రం ఏమిటో తేలింది

గ్రీస్‌లోని థెస్సలొనీకిలో కొన్న పాత పుస్తకం అట్ట లోపల ఒక గ్రీకు చర్మపత్రం అంటించి ఉందని, ఫోటోలు పెట్టి ఇక్కడ అడిగాను కదా. జవాబిచ్చిన అందరికీ థ్యాంక్స్. రాతప్రతుల నిపుణురాలికి చూపించాను.

అది బైబిల్ పుట కాదు. మినాయన్ అనే ఆర్థడాక్స్ చర్చి ఆరాధన పుస్తకంలోది. నెలకొకటి చొప్పున 12 సంపుటాలు, ఏ రోజు ఏ పునీతుడికి ఏం పాడాలో అందులో ఉంటుంది. ఈ ముక్క అక్టోబర్ 26న పాడేది, అంటే థెస్సలొనీకి పాలక పునీతుడు దిమిత్రియోస్ పండుగది.

"ముందు ఎర్ర సిరా చూడండి" అన్నవారి సలహానే పనిచేసింది. గ్రీకులో అక్షరాలనే అంకెలుగానూ వాడేవారు. అంచున గీతతో ఉన్న ఎర్ర 'ఈటా' ఇక్కడ అక్షరం కాదు, అంకె 8. అంటే 'కానన్' అనే దీర్ఘ కీర్తనలో ఎనిమిదో భాగం. మరియమ్మ స్తుతి అన్నవాళ్ల ఊహా గాలిలోంచి పుట్టింది కాదు. కానన్‌లో ప్రతి భాగం చివరి చరణం దేవమాత మీదే ఉంటుంది, మన పుటలో బాగా కనిపించేది అదే!

కొందరు వాడమన్న అల్ట్రావయొలెట్ టార్చ్ అక్కర్లేకపోయింది. ఆవిరి పట్టి ఊడదీయమన్న సలహాకైతే ఆవిడ దాదాపు కేకేశారు. చర్మపత్రం ముడుచుకుపోతుందట. పాత పుటల్ని బైండింగ్‌కి వాడటం అప్పట్లో మామూలే కాబట్టి అట్టతో సహా ఉంచడమే మేలు.

అక్షరాలు గీత మీద కూర్చోకుండా గీత నుంచి వేలాడుతున్నాయి. 10వ శతాబ్దం నుంచీ ఇది మామూలే, అదొక్కటే చూసి కాలం చెప్పలేం. మిగతా రాత తీరు చూసి బహుశా 13వ శతాబ్దం అన్నారు.

అమ్మితే ఎంతొస్తుందని అడిగినవాళ్లకి: గ్రీస్‌లో పురాతన వస్తువుల రక్షణ చట్టం ఉంది (2002 నాటి 3028, 2021లో 4858/2021గా క్రోడీకరించారు), ఇలాంటివి అధికారులకు తెలపాలి. తెలిపాను.