హైవే పక్కన గ్యాస్ పైపు వస్తోంది. హోటల్‌కు కనెక్షన్ తీసుకోవచ్చా? ఎల్ఎన్జీ రేటుతో మనకేం సంబంధం?

ప్రశ్న: హోటల్ యజమాని, చిట్యాల

అందరికీ నమస్కారం. విజయవాడ హైవే మీద చిట్యాల దాటగానే మాకు టిఫిన్, మీల్స్ హోటల్ ఉంది. తెల్లారకముందే పొయ్యి వెలిగిస్తే రాత్రి పదకొండు దాకా ఆరదు. ప్రతి నెలా ఒకటో తారీఖున 19 కిలోల సిలిండర్ రేటు మారుతుంది. పండగల ముందు డెలివరీ ఆలస్యమైతే పక్క హోటళ్ల వాళ్లను అడిగి తెచ్చుకోవాల్సి వస్తోంది. ఇప్పుడు మా రోడ్డు వెంట గ్యాస్ పైపు వేస్తున్నారు, కనెక్షన్ తీసుకోమని వచ్చి అడిగిపోయారు. అది ఓడల్లో వచ్చే ఎల్ఎన్జీ అని ఒకరు, కాదు కాకినాడ గ్యాసే అని ఇంకొకరు చెబుతున్నారు. బయటి దేశాల గ్యాస్ అయితే ఎక్కడ యుద్ధం జరిగినా నేను ఇడ్లీ రేటు పెంచాలా? ఉన్న స్టవ్‌లు పనికొస్తాయా? మా తమ్ముడికి లారీలున్నాయి, ఎల్ఎన్జీ లారీ కొందామా అని ఆలోచిస్తున్నాడు. తెలిసినవాళ్లు దాని గురించి కూడా చెప్పగలరు.

జవాబు: గ్యాస్ పంపిణీలో పనిచేసి రిటైరైన సభ్యుడు, నకిరేకల్

తమ్ముడూ, మీ సిలిండర్‌లో ఉండేది ఎల్పీజీ. ప్రొపేన్, బ్యూటేన్ కలిసిన గ్యాస్. కాస్త ఒత్తిడి పెడితే మామూలు ఎండలో కూడా ద్రవంగానే ఉంటుంది. పైపులో వచ్చేది సహజవాయువు, దాదాపు అంతా మీథేనే. మామూలు వేడిలో ఎంత నొక్కినా ఇది ద్రవం కాదు. మైనస్ 162 డిగ్రీల దాకా చల్లబరచాలి. అలా చల్లబరిస్తే సుమారు 600 ఘనపు మీటర్ల గ్యాస్ ఒక్క ఘనపు మీటర్‌లో ఇముడుతుంది, ఓడకెక్కించి సముద్రం దాటించడానికి వీలవుతుంది. అదే ఎల్ఎన్జీ. మన తీరంలో దిగాక మళ్లీ వేడిచేసి గ్యాస్‌గా మార్చి పైపుల్లోకి వదులుతారు. మీ వంటగదిలోకి వచ్చేది గ్యాసే, ఆ చల్లటి ద్రవం కాదు. ఆ భయం పెట్టుకోకండి.

కాకినాడదా, బయటిదా అంటే రెండూ నిజమే. కాకినాడ నుంచి తెలంగాణ మీదుగా గుజరాత్‌లోని భరూచ్ దాకా పెద్ద పైప్‌లైన్ 2009 నుంచి ఉంది. దేశంలోని పెద్ద పైపులు చాలావరకు ఒకదానికొకటి కలుస్తాయి. లోపల పారే గ్యాస్‌కు ఊరు పేరుండదు. తేడా బిల్లులో ఉంటుంది. దేశంలో తీసే చవక గ్యాస్‌ను ఇళ్ల కనెక్షన్లకు, వాహనాల సీఎన్జీకి ముందుగా కేటాయిస్తారు. అది చాలకపోతే దిగుమతి గ్యాస్ కలుపుతారు. హోటళ్లకు, ఫ్యాక్టరీలకు ఆ కేటాయింపు లేదు. కాబట్టి మీ రేటు చాలావరకు ఎల్ఎన్జీ రేటు, డాలరు రేటు వెంట నడుస్తుంది. కనెక్షన్ తీసుకునేముందు బాగా అర్థం చేసుకోవాల్సింది ఇదే.

ఇక్కడ కొంచెం వెనక్కి వెళ్లాలి. 2009 ఏప్రిల్‌లో కాకినాడ దగ్గర సముద్రంలో, కృష్ణా-గోదావరి బేసిన్ డీ6 అనే బ్లాకులో గ్యాస్ మొదలైనప్పుడు మా గ్యాస్ రంగంలో వాళ్లందరం ఇక మన ప్రాంతానికి తిరుగులేదనుకున్నాం. 2010లో రోజుకు 60 మిలియన్ ఘనపు మీటర్ల దాకా వచ్చింది. దాన్ని నమ్ముకుని గోదావరి జిల్లాల్లో వేల కోట్లతో కరెంటు ప్లాంట్లు కట్టారు. తర్వాత కొన్నేళ్లకే ఉత్పత్తి పదో వంతుకు పడిపోయింది. కొత్త యంత్రాలు గ్యాస్ లేక ఆగిపోయాయి. ఆ బాధ నేను దగ్గర నుంచి చూశాను. ఇప్పుడు దేశం వాడే గ్యాస్‌లో దాదాపు సగం ఓడల్లోనే వస్తోంది. ఓడల నుంచి ఎల్ఎన్జీ దించే దహేజ్ టెర్మినల్ గుజరాత్‌లో 2004లో మొదలైంది. ఖతార్ నుంచి ఏటా 75 లక్షల టన్నుల ఒప్పందం ఉంది, దాన్ని 2024 ఫిబ్రవరిలో 2048 దాకా పొడిగించారు. తూర్పు తీరంలో 2019లో చెన్నై పక్కన ఎన్నూర్, 2023లో ఒడిశాలో ధామ్రా వచ్చాయి. దేశ ఇంధనంలో గ్యాస్ వాటా ఇంకా 6 శాతం దగ్గరే ఉంది. 2030కల్లా 15 శాతం చేస్తామన్నది ప్రభుత్వ లక్ష్యం. ఆ పెరుగుదలలో ఎక్కువ భాగం ఎల్ఎన్జీ నుంచే రావాలి.

మరి యుద్ధం సంగతి? ప్రభావం ఉంటుంది, దాచడానికి లేదు. 2022లో రష్యా పైపుల గ్యాస్ తగ్గేసరికి యూరప్ దేశాలు ఎంత రేటైనా పెట్టి ఓడలు కొనేశాయి. విడిగా కొనే ఎల్ఎన్జీ ఎంఎంబీటీయూకి (గ్యాస్‌లోని వేడిని కొలిచే యూనిట్) 50 డాలర్లు దాటింది. గుజరాత్‌లో మోర్బీ టైల్స్ ఫ్యాక్టరీలు అప్పట్లో పైపు గ్యాస్ తగ్గించుకుని ప్రొపేన్‌కు మారాయి. అయితే సిలిండర్ కూడా పూర్తిగా మనది కాదు తమ్ముడూ. దేశంలో వాడే ఎల్పీజీలో 60 శాతం దాకా దిగుమతే, అదీ ఎక్కువగా గల్ఫ్ నుంచే. రెండింటికీ ఆ రిస్క్ ఉంది.

లెక్క ఇలా వేసుకోండి. 19 కిలోల సిలిండర్‌లో ఉండే వేడి సుమారు 24 ఘనపు మీటర్ల పైపు గ్యాస్‌తో సమానం. బిల్లులో ఎస్‌సీఎం అని రాసేది ఈ ఘనపు మీటరే. మీకు సిలిండర్ ఎంతకు పడుతోందో దాన్ని 24తో భాగించండి. పైపు వాళ్లు పన్నుతో కలిపి చెప్పే ఎస్‌సీఎం రేటు అంతకన్నా తక్కువైతే లాభం. సిలిండర్ అడుగున మిగిలిపోయే గ్యాస్, మోసుకొచ్చే కూలీ కలిసొస్తాయి.

స్టవ్‌లు మార్చక్కర్లేదు, జెట్లు (బర్నర్‌లోకి గ్యాస్ వదిలే సన్న రంధ్రం ఉన్న ముక్కలు) మార్చాలి. ఎల్పీజీ జెట్ రంధ్రం సన్నగా ఉంటుంది. మీథేన్‌కు ఘనపు మీటరుకు వేడి తక్కువ, పైపులో ఒత్తిడీ తక్కువ, అందుకే రంధ్రం పెద్దది కావాలి. పాత జెట్‌తోనే పెడితే మంట పిల్లదీపంలా ఉంటుంది, దోసె పెనం వేడెక్కదు. జెట్లు కంపెనీ మనిషి చేతే మార్పించండి, డ్రిల్లుతో రంధ్రం పెద్దది చేయించే పని మాత్రం వద్దు. తీసిన పాత జెట్లు డబ్బాలో వేసి దాచుకోండి. కనీసం ఒక పెద్ద పొయ్యికి సిలిండర్ ఏర్పాటు ఉంచుకోండి. ఆ పొయ్యికి పాత జెట్టే ఉండాలి. రేటు ఎగిరిన నెలలో, పైపు పని కోసం సరఫరా ఆపిన రోజున అదే ఆదుకుంటుంది.

ఇంకొకటి. నల్లగొండ, సూర్యాపేట, యాదాద్రి భువనగిరి జిల్లాలను 2018లో గ్యాస్ పంపిణీ హక్కుల తొమ్మిదో విడత బిడ్డింగ్‌లో కలిపి ఒకే ప్రాంతంగా ఇచ్చారు. ఒక ప్రాంతానికి ఒకే సంస్థ, గడువు తీరేదాకా పోటీ ఉండదు. అందుకని అగ్రిమెంటులో మూడు విషయాలు చదవకుండా సంతకం పెట్టొద్దు: రేటు ఎన్నాళ్లకోసారి మారుస్తారు, వాడకపోయినా కట్టాల్సిన కనీస మొత్తం ఎంత, డిపాజిట్ ఎప్పుడు తిరిగిస్తారు.

బాయిలర్ సెక్షన్ ఉద్యోగి, జడ్చర్ల

సార్ చెప్పినదానికి ఒక మాట. సహజవాయువు ఇంకా జీఎస్టీలోకి రాలేదు, వ్యాట్ పడుతుంది. మా మందుల కంపెనీ లాంటి వాటికి ఆ వ్యాట్‌కు ఇన్‌పుట్ క్రెడిట్ రాదు, అంటే కొన్నప్పుడు కట్టిన పన్నును మేం కట్టాల్సిన పన్నులో తగ్గించుకోలేం. అదే వాణిజ్య సిలిండర్ మీద కట్టే 18 శాతం జీఎస్టీ వెనక్కి వస్తుంది. మేం పోల్చుకునేటప్పుడు ఇది పెద్ద తేడా తెస్తుంది. 5 శాతం జీఎస్టీలో నడిచే హోటళ్లకు ఎలాగూ క్రెడిట్ లేదు కాబట్టి అన్నకు ఈ లెక్క అవసరం లేదు. బాయిలర్ నడిపేవాడిగా చెబుతున్నా, గ్యాస్‌తో మసి ఉండదు, బూడిద ఎత్తే పని ఉండదు, మంట ఎంత కావాలంటే అంతే పెట్టుకోవచ్చు.

రైస్ మిల్లు, మిర్యాలగూడ

మా బాయిలర్లు ఊకతోనే నడుస్తాయి. ధాన్యం మరపట్టగా వచ్చే ఊక మిల్లులోనే ఉంటే ఖతార్ గ్యాస్ ఎందుకు కొంటాం? అందరికీ గ్యాసే మందు అనుకోవద్దు.

లారీ ఓనర్, సూర్యాపేట

అన్నా, మీ తమ్ముడితో ఈ మాటలు చెప్పండి. కిలో ఎల్ఎన్జీలో ఉండే వేడి లీటర్ డీజిల్ కన్నా మూడో వంతు ఎక్కువ. రోజూ లాంగ్ రూట్ తిరిగే బండికే ఇది గిట్టుబాటవుతుంది. ట్యాంకు రెండు గోడలతో, మధ్యలో వాక్యూమ్‌తో ఉంటుంది. అయినా బయటి వేడి కొంచెం కొంచెం లోపలికి పోతూనే ఉంటుంది. లోడ్ దొరక్క బండి రోజుల తరబడి నిలబడితే ద్రవం ఆవిరై, ఒత్తిడి పెరిగి, సేఫ్టీ వాల్వ్ తెరుచుకుని గ్యాస్ బయటికి పోతుంది. అంటే మన డబ్బు గాల్లో కలిసినట్టే. అంతకన్నా ముఖ్యం, ఆ బండిని మూసిన షెడ్డులో పెట్టకూడదు. ఎల్ఎన్జీకి వాసన ఉండదు. సిలిండర్‌లో కలిపే వాసన మందు ఆ చలికి గడ్డకడుతుంది కాబట్టి కలపలేరు. లీకైతే ముక్కుకు తెలియదు, డిటెక్టర్‌కే తెలుస్తుంది. బంకులో నింపేటప్పుడు చేతి తొడుగులు, ముఖానికి అడ్డం లేకుండా డ్రైవర్‌ను దగ్గరికి పోనివ్వొద్దు. చుక్క పడితే చర్మం కాలినట్టు పొక్కుతుంది.

బంకుల సంగతి కూడా చూసుకోవాలి. 2020 నవంబర్‌లో దేశంలో తొలి 50 ఎల్ఎన్జీ బంకులకు శంకుస్థాపన చేసింది స్వర్ణ చతుర్భుజి (ఢిల్లీ, ముంబై, చెన్నై, కోల్‌కతాలను కలిపే హైవే), ఇతర ముఖ్య హైవేల మీదనే. మన 65వ నంబరు హైవేకి విజయవాడలో ఆ దారి తగులుతుంది. మీ తమ్ముడి రూట్‌లో ఏ బంకు నుంచి ఏ బంకుకు ఎన్ని కిలోమీటర్లో లెక్క చూసుకున్నాకే అడ్వాన్స్ కట్టమనండి.

రైతు, వనపర్తి

సార్, నాదొక సందేహం. దామరచర్లలో 4,000 మెగావాట్ల యాదాద్రి ప్లాంటును బొగ్గుతో కట్టారు. గ్యాస్‌కు పొగ తక్కువ అంటున్నారు కదా, అదే గ్యాస్‌తో కట్టి ఉంటే కాదా? యాసంగిలో మా మోటార్లకు కరెంటు చాలా ముఖ్యం.

జవాబు: నకిరేకల్ సభ్యుడు

మంచి ప్రశ్న అడిగారు. యూనిట్ కరెంటుకు బొగ్గుతో పోలిస్తే గ్యాస్ నుంచి వచ్చే కార్బన్ డయాక్సైడ్ సుమారు సగమే, బూడిద అసలే లేదు. ఆ ప్లాంటు చుట్టుపక్కల ఊళ్లవాళ్లకు అది చిన్న విషయం కాదు. కానీ మీథేన్ దారిలో లీకైతే ఆ మేలంతా తగ్గిపోతుంది. 20 ఏళ్ల లెక్కలో చూస్తే అది కార్బన్ డయాక్సైడ్ కన్నా 80 రెట్లు ఎక్కువ వేడి పెంచుతుంది.

అసలు అడ్డంకి రేటు. ఎల్ఎన్జీ ఎంఎంబీటీయూకి 12 డాలర్లు ఉందనుకోండి, మంచి ప్లాంటులో కూడా యూనిట్‌కు ఇంధనానికే 7 రూపాయలు దాటుతుంది. రైతుకు ఉచితంగా ఇచ్చే కరెంటును ఆ రేటుకు రోజంతా కొనడం ఏ రాష్ట్రానికీ సాధ్యం కాదు. 2024లో దేశంలో సుమారు 25,000 మెగావాట్ల గ్యాస్ ప్లాంట్లుంటే ఎక్కువ రోజులు ఆగే ఉన్నాయి. ఆ ఏడాది ఎండాకాలంలో మే, జూన్ నెలలకు కేంద్రం ప్రత్యేక ఆదేశమిచ్చి వాటిని నడిపించింది. ఆ మే 30న దేశం కరెంటు డిమాండు 250 గిగావాట్లు, అంటే 2,50,000 మెగావాట్లు తాకింది. గ్యాస్ ప్లాంటు బొగ్గు ప్లాంటు కన్నా చాలా తొందరగా అందుకుంటుంది కాబట్టి పొద్దుగూకాక సోలార్ ఆగిపోయే వేళకు అది బాగా పనికొస్తుంది. మన దగ్గర ఆ పని శ్రీశైలం ఎడమగట్టు, నాగార్జునసాగర్ రివర్సిబుల్ టర్బైన్లు కొంత చేయగలవు. కరెంటు మిగిలినప్పుడు నీళ్లు పైకి ఎత్తి, కావాల్సినప్పుడు వదులుతాయి. నా అభిప్రాయం అడిగితే, ఎల్ఎన్జీని కరెంటుకు కాకుండా వేరేది దొరకని చోట్ల వాడాలి. ఎరువులే చూడండి. మీరు చల్లే యూరియా గ్యాస్‌తోనే తయారవుతుంది. దేశం గ్యాస్‌లో దాదాపు 30 శాతం ఎరువుల ఫ్యాక్టరీలకే పోతుంది. రామగుండం ఫ్యాక్టరీ కూడా గ్యాస్ మీదే నడుస్తుంది. ఓడలు ఆగితే ముందు ఇబ్బంది పడేది యూరియా బస్తా.

ప్రశ్న: చిట్యాల హోటల్ యజమాని

అందరికీ ధన్యవాదాలు. లెక్క వేశాను, వాళ్లు చెప్పిన రేటుకు కొంత మిగులు కనిపిస్తోంది. రెండు పొయ్యిలు సిలిండర్ మీదే ఉంచి మిగతావి పైపుకు మారుస్తాను. అగ్రిమెంటు కాపీ ఇంటికి తెచ్చి చదువుతాను. కనెక్షన్ ఇచ్చిన రోజు నేను ఏమేం చూసుకోవాలి?

జవాబు: నకిరేకల్ సభ్యుడు

సబ్బు నురుగు ప్రతి జాయింటుకూ పూసి బుడగలు వస్తున్నాయేమో మీ కళ్లతో చూడండి. అగ్గిపుల్ల వెలిగించి చూసే అలవాటు ఎవరికైనా ఉంటే ఆపించండి. మెయిన్ వాల్వ్ ఎక్కడుందో వంటవాళ్లందరికీ చూపించి, చేత్తో తిప్పించండి. ఎల్పీజీ గాలికన్నా బరువు, నేల మీద పాకుతుంది. మీథేన్ తేలిక, పైకి పోతుంది. అందుకని కింది కంతలతో పాటు కప్పు దగ్గర కూడా వెంటిలేటర్ ఉండాలి, ఎండాకాలం ఏసీ పెట్టించినా దాన్ని మూయొద్దు. డిటెక్టర్ పెట్టిస్తే పైపు గ్యాస్‌ది కప్పు దగ్గర, సిలిండర్ పొయ్యిల దగ్గరిది నేలకు అడుగు ఎత్తులో పెట్టించండి. మంట నీలంగా నిలకడగా ఉండాలి, పసుపు కొసలు కనిపిస్తే ఆ పొయ్యి ఆపి వాళ్లను వెనక్కి పిలవండి.