రోజంతా మన పనులు చేసే మామకు సాయంత్రం క్వార్టర్ ఆపమని చెప్పే హక్కు మనకుందా?

బీక్యాంపు కోడలు (ఆదివారం, ఉదయం 10:40)

కర్నూలు నుంచి రాస్తున్నాను. మా మామకు 69 ఏళ్ళు. ఆర్టీసీలో డ్రైవర్‌గా చేసి 2014లో రిటైరయ్యారు. నెల రోజులుగా ఇంట్లో ఒకటే గొడవ. మీరైనా ఒక మాట చెప్పండి.

ఆయన రోజు ఇలా ఉంటుంది. ఐదింటికి లేచి నడుచుకుంటూ వెళ్ళి పాల ప్యాకెట్లు తెస్తారు. ఆరున్నరకు సి.క్యాంపు రైతుబజార్. వంకాయను నొక్కి చూడనిదే కొనరు కాబట్టి గంట పడుతుంది. వచ్చే దారిలో ఉగ్గాని బజ్జి తినేసి, ఇంటికొచ్చి మళ్ళీ "ఈరోజేం టిఫిను?" అని అడుగుతారు. ఎనిమిదిన్నరకు పాపను స్కూటర్ మీద స్కూల్లో దింపుతారు. ఆ తర్వాత బ్యాంకు, గ్యాస్, కరెంటు బిల్లు, అత్తకు బీపీ మాత్రలు, మా ఆయన చొక్కాలు ఇస్త్రీకి. ఫోన్లో కడతామంటే వినరు. క్యూలో నిలబడాలి, రసీదు తేవాలి, ఫైల్లో పెట్టాలి. మధ్యాహ్నం ఓ కునుకు. నాలుగింటికి పాపను తీసుకొస్తారు. ఐదున్నరకు కొత్త బస్టాండు దగ్గర పాత డ్రైవర్లు నలుగురు కూర్చునే చోట ఓ గంట కబుర్లు, వచ్చేటప్పుడు ఒక క్వార్టర్. ఏడింటికి టీవీ ముందు స్టీలు గ్లాసు, వేయించిన బుడ్డలు (వేరుశనగలు), ఉల్లిపాయ ముక్కలు. న్యూస్ ఛానెల్లో డిబేట్ పెట్టుకుని అందులో ఉన్న అన్ని పార్టీల వాళ్ళనూ సమానంగా తిడతారు. తొమ్మిదిన్నరకు అన్నం తిని పడుకుంటారు. మమ్మల్ని మాత్రం ఎవర్నీ ఒక్క మాట అనరు.

మా ఆయన మాన్పించాల్సిందే అంటున్నారు. మా ఆడబిడ్డేమో "ఈ వయసులో నాయన్ను ఎందుకు సతాయిస్తారు" అంటోంది. మొన్న మా ఆయన గట్టిగా నిలదీస్తే మామ ఒకటే అన్నారు: "డ్యూటీ ఎక్కే ముందు డిపోలో ఊదమన్నారు, ఊదినా. ఇప్పుడు ఇంట్లో కూడా ఊదాల్నా?"

ఉగ్గాని ఫ్యాన్

వంకాయ నొక్కి చూసి తెచ్చే మనిషిని వదులుకోకండి. మిగతాది నెమ్మదిగా మాట్లాడుకుందాం.

లెక్కల మాస్టారు

మాటలు కాదమ్మా, లెక్క చూడండి. 2024 అక్టోబరులో ప్రైవేటు షాపులు మళ్ళీ వచ్చాక 99 రూపాయలకే 180 ఎం.ఎల్. దొరుకుతోంది. అదే అనుకుంటే నెలకు 2,970. ఆర్టీసీ వాళ్ళను ప్రభుత్వంలో కలిపింది 2020 జనవరిలో. మీ మామ అంతకు ఆరేళ్ళ ముందే దిగిపోయారు కాబట్టి ఆయనకు వచ్చేది పీఎఫ్ వాళ్ళ ఈపీఎస్ పింఛనే అయి ఉంటుంది. 2014 ఆగస్టు దాకా దానికి లెక్కగట్టే జీతమే 6,500 మించేది కాదు, ఇక పింఛను ఎంతొస్తుందో చెప్పాలా? దాదాపు మొత్తం సీసాలోకే పోతోందన్నమాట. తిండి, బట్టలు, మందుల ఖర్చు మీ ఆయన నెత్తిన. మరి ఆయన అడగకూడదంటే ఎట్లా?

హంద్రీ గట్టు

మాస్టారూ, జమా వైపు రాయడం మరిచిపోయినట్టున్నారు. పాపకు స్కూలు ఆటో మాట్లాడితే నెలకెంతవుతుందో ఒకసారి కనుక్కోండి. పాలు, కూరగాయలు, బిల్లులు, ఇస్త్రీ, బ్యాంకు కలిపి ఒక మనిషిని పెట్టుకుంటే, పొద్దున ఐదు నుంచి సాయంత్రం దాకా, ఆదివారం సెలవు కూడా లేకుండా, 2,970కి ఎవడొస్తాడు? ఆయన క్వార్టర్ ఆయన కూలి. కూలి డబ్బు ఎలా ఖర్చు పెట్టుకున్నావని అడిగేది ఏ మేస్త్రీ?

లెక్కల మాస్టారు

కన్నతండ్రిని కూలివాణ్ణి చేసింది మీరు, నేను కాదు.

తెల్లకోటు

నేను జనరల్ మెడిసిన్‌లో పనిచేస్తాను. డబ్బు సంగతి మీరు తేల్చుకోండి, ఒంటి సంగతి నేను చెప్తాను. విస్కీ, బ్రాందీల్లో మామూలుగా ఆల్కహాల్ 42.8 శాతం. క్వార్టర్‌లో 77 ఎం.ఎల్., అంటే దాదాపు 60 గ్రాములు. పది గ్రాములు ఒక యూనిట్ అనుకుంటే రోజుకు ఆరు యూనిట్లు. అసలు తక్కువ తాగితే ప్రమాదం లేదనే మాటే నిజం కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో చెప్పింది. 69 ఏళ్ళ మనిషికి ఆరు యూనిట్లంటే "కొంచెమే కదా" అనే లెక్క కాదు.

షుగర్ ఉందా? గ్లిమెపిరైడ్ లాంటి మాత్ర వేసుకుంటూ, సాయంత్రం నాలుగు బుడ్డలతో తాగి, అన్నం తొమ్మిదిన్నరకు తింటే మధ్యలో షుగర్ పడిపోవచ్చు. మాట తడబడుతుంది, చెమటలు పడతాయి. ఇంట్లోవాళ్ళు మందెక్కువైందనుకుని దుప్పటి కప్పి పడుకోబెడతారు. ఇది నేను చూసిన సంగతి.

అలాగని రేపటి నుంచే బంద్ అని సీసా దాచిపెట్టకండి. ఏళ్ళ తరబడి రోజూ తాగేవాళ్ళు ఒక్కసారిగా ఆపితే చేతులు వణుకుతాయి, నిద్ర పట్టదు. కొందరికి రెండు రోజుల్లోపు ఫిట్స్ వస్తాయి, మాటలు మతి తప్పుతాయి. డాక్టర్‌కు చూపించి మెల్లగా తగ్గించాలి. మత్తు మాన్పించే జాతీయ హెల్ప్‌లైన్ 14446 ఉంది, ఇంట్లోవాళ్ళు కూడా చేయొచ్చు.

కేసీ కెనాల్

ఆపడం అంత సులువైతే మన రాష్ట్రంలో ఎప్పుడో ఆగిపోయేది. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు మొదలుపెట్టిన పోరుతో 1993 అక్టోబరులో సారా పోయింది, చేసింది మన కర్నూలు జిల్లా ముఖ్యమంత్రి కోట్ల విజయభాస్కరరెడ్డే. 1995 జనవరిలో ఎన్టీఆర్ మొత్తం మద్యాన్నే ఆపారు. రెండేళ్ళు తిరిగేసరికి మళ్ళీ షాపులు. ఆ రెండేళ్ళూ మావైపు తాగేవాళ్ళు తాగడం మానలేదు, బళ్ళారి బస్సు ఎక్కడం నేర్చుకున్నారు. ఇంట్లో పెట్టే నిషేధం కూడా అంతే. ఇంట్లో వద్దంటే బయట తాగి, చీకట్లో స్కూటర్ మీద వస్తారు. మా పెద్దనాయన అలాగే వస్తూ కేసీ కెనాల్ గట్టు మీద పడి తుంటి విరగ్గొట్టుకున్నాడు. నా పేరు ఇక్కడ ఇట్లా ఎందుకుందో ఇప్పుడు అర్థమైందా?

బీక్యాంపు కోడలు (ఆదివారం, రాత్రి 9:15)

అందరికీ థ్యాంక్స్. షుగర్ ఉంది, మాత్ర పేరు రేపు చూసి చెప్తాను.

అసలు గొడవ ఎందుకు మొదలైందో నేను రాయలేదు. పోయిన నెల ఒక రోజు రాత్రి ఎనిమిదింటికి పాపకు జ్వరం 103 దాటింది. మా ఆయన ఆదోనిలో ఉన్నారు. నాకు బండి రాదు. మామను లేపితే, గ్లాసు పక్కన పెట్టి, చొక్కా వేసుకుని, తాళాలు తీసుకుని బయటికి వచ్చి, మెట్ల మీద కూర్చుండిపోయారు. "నేను తీయను బండి, ఆటో పిలువు" అన్నారు. ఆటో వచ్చేసరికి ఇరవై నిమిషాలు. పాపకు ఏమీ కాలేదు, కానీ మా ఆయనకు ఆ ఇరవై నిమిషాలు ఇంకా దిగలేదు. "అవసరానికి పనికిరాని మనిషయ్యాడు" అన్నారు, అదీ మామకు వినపడేటట్టు.

పాత స్టీరింగ్

అమ్మా, నాకు 71. నేనూ అదే సీటు దిగినవాణ్ణే. మీ మామ ఎవరో తెలియదు, కానీ మెట్ల మీద ఎందుకు కూర్చున్నాడో నాకు తెలుసు.

వంద ఎం.ఎల్. రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే కేసు. అది చట్టం. మాకైతే అంత కూడా లేదు. ముందు రోజు రాత్రి తాగినా పొద్దున మిషన్ పట్టేస్తుందని భయం. తెల్లారి ఐదింటి బస్సు అయితే ముందు రాత్రి పెళ్ళికి పోయినా మజ్జిగ తాగి వచ్చేవాళ్ళం. అంత కాలం నోరు కట్టుకున్న మనిషి, చంటిపిల్లను వెనక కూర్చోబెట్టుకుని తాగి బండి తీస్తాడా? ఆ రోజు ఆయన చేసింది తప్పు కాదు. మీ ఆయన ఆ ఒక్క మాట వెనక్కి తీసుకోవాల.

ఇక తాగుడంటారా, నాకూ ఉంది. ఎందుకంటే ఏం చెప్పేది. పొద్దున్నుంచి మనమడు, మందులు, బిల్లులు. సాయంత్రం నాలుగు మాటలు మాట్లాడేది ఆ టీవీ వాళ్ళతోనే. తెల్లకోటు గారు చెప్పింది చదివినాక నేను కొలిచి పోసుకుంటున్నా, దగ్గు మందు మూతతో. నవ్వొద్దండి.

హంద్రీ గట్టు

నవ్వడం లేదు పెద్దాయనా. బుడ్డలు తగ్గించకండి, చాలు.

మూడో కూతురు

ఇన్ని పోస్టులు చదివాను. మామ రోజు గంటగంటకూ తెలిసింది. అత్త రోజు ఏది? ఐదింటికి ఆయన పాలు తెస్తే కాచేదెవరు? ఆ బుడ్డలు వేయించేదెవరు, ఉల్లిపాయ తరిగేదెవరు? తొమ్మిదిన్నర దాకా అన్నానికి ఎదురుచూసేదెవరు? ఆపాలా వద్దా అని కొడుకు, కూతురు, కోడలు, డాక్టర్, మాస్టారు అందరూ ఓటేశారు. ఆవిడను ఒక్కరైనా అడిగారా?

బీక్యాంపు కోడలు (బుధవారం, మధ్యాహ్నం 2:05)

మూడో కూతురు అక్కా, నిజంగానే అడగలేదు. సోమవారం అడిగాను. అత్త గోంగూర ఒలుస్తూ తల కూడా ఎత్తలేదు. "తాగితే తాగనీలే, నలభై ఏండ్లు ఇంట్లో నిలకడగా ఉండింది లేదు, ఇప్పుడన్నా కనపడతాండాడు. నాకా ఏడున్నర సీరియల్ మాత్రం మూడేండ్లుగా సగమే తెలుసు. ఆయనేమో రిటైరై పదేండ్లు దాటె. నా రిటైర్మెంటు ఎప్పుడో పోయి అడుగు మీ మామను" అంది. నేను అడగాల్సిన పని లేకపోయింది. మామ పక్క గదిలోనే ఉన్నారు.

నిన్న డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాం. మాత్ర గ్లిమెపిరైడే. తాగడం మెల్లగా తగ్గించమన్నారు, అన్నం ముందే తినమన్నారు. మా ఆయన ఆ మాట వెనక్కి తీసుకున్నారో లేదో తెలియదు కానీ, ఆస్పత్రికి వెళ్ళేటప్పుడు "నాయనా, బండి నువ్వే నడుపు" అని తాళాలు ఆయన చేతికిచ్చారు.

రాత్రి ఏడింటికే అన్నం పెట్టాం. ఏడున్నరకు రిమోట్ అత్త చేతిలో ఉంది. మామ పక్కనే కూర్చుని, పార్టీల వాళ్ళకు బదులు సీరియల్లో అత్తగారిని తిట్టారు. సీసాలో సగానికి కాస్త తక్కువే మిగిలింది. మా ఆయన దాని మీద పెన్నుతో గీత గీసి కందిపప్పు డబ్బా పక్కన పెట్టారు. మామ చూశారు, ఏమీ అనలేదు. ఈరోజు పొద్దున పాలు మాత్రం అరగంట లేటుగా వచ్చాయి.