‘స్టైల్’ను ‘శైలి’ అంటే సరిపోతుందా?

ప్రశ్న: పత్రాలు రాసుకునే ప్రోగ్రామ్ లిబ్రెఆఫీస్ రైటర్‌లో ఎఫ్11 నొక్కితే తెరుచుకునే ‘స్టైల్స్’ గురించి కొత్తవాళ్ల కోసం తెలుగులో పాఠం రాస్తున్నాను. ‘శైలి’ అంటే చదివినవాళ్లు రచయిత శైలి అనుకుంటున్నారు. ‘రూపం’ అందామా, ‘తీరు’ అందామా?

జవాబు: ‘రూపం’ మాత్రం వద్దండీ. చిక్కంతా అక్కడే ఉంది. మనవాళ్లు శీర్షికను బొద్దు (బోల్డ్) చేసి, సైజు 16కు పెంచి, మధ్యకు జరుపుతారు. కంటికి అది శీర్షికే, కంప్యూటర్‌కు మాత్రం కాస్త లావెక్కిన మామూలు పేరా. విషయసూచిక చేర్చమంటే ఖాళీగా వచ్చేది అందుకే. అదే కంట్రోల్‌తో 1 నొక్కితే ఆ పేరా నిజంగా మొదటి స్థాయి శీర్షిక అవుతుంది. ఆ తరువాత శైలిని ఒక్కచోట సవరిస్తే పుస్తకంలోని ఆ స్థాయి శీర్షికలన్నీ మారతాయి.

ఇంగ్లీషు ‘స్టైల్’కు మూలం లాటిన్‌లో మైనపు పలకల మీద రాసే పుల్ల పేరు, మన గంటం లాంటిది. ‘శైలి’ పుట్టింది ‘శీలం’ నుంచి, అంటే స్వభావం నుంచి. పేరాకు ‘నువ్వు శీర్షికవు’, ‘నువ్వు ఉల్లేఖనవు’ అని స్వభావం చెప్పడమే ఇక్కడి పని కనుక మన మాటే దీనికి బాగా అతుకుతుంది. ‘పేరా శైలి’, ‘అక్షర శైలి’ అని జంటగా వాడితే రచయిత శైలితో గందరగోళం ఉండదు. విడిగా అద్దే బొద్దు, వాలు (ఇటాలిక్), రంగులను ‘హంగులు’ అనండి. ‘ఆకృతీకరణ’ కంటే నోటికి సులువు.

పాఠంలో ఇంకో సంగతి తప్పకుండా చేర్చండి. శైలిని సవరించేచోట పాశ్చాత్య లిపులకు ఒక ఖతి (ఫాంట్), సంక్లిష్ట లిపులకు మరొకటి ఉంటాయి. తెలుగు రెండో కోవలోది. మొదటిదాని సైజు మార్చి, అక్షరం కదలక విసిగిపోయి శైలులనే వదిలేసినవాళ్లను చాలామందిని చూశాను. ఎంత అన్యాయం!

వాలు సంగతీ అంతే. చాలా తెలుగు ఖతులకు వాలు అక్షరాలు విడిగా గీసి ఉండవు. ప్రోగ్రామే నిలువు అక్షరాన్ని వంచుతుంది, తలకట్టు కుడికీ ఒత్తు ఎడమకూ జరుగుతాయి. నొక్కి చెప్పే మాటలకు వాడే ‘ఎంఫసిస్’ అనే అక్షర శైలి మామూలుగా వాలుగా వస్తుంది. దాన్ని ఒక్కసారి వేరే ఖతికో రంగుకో మార్చుకోమని చెప్పండి.

ప్రశ్నించినవారు: ‘హంగులు’ తీసుకుంటున్నాను. ఆ ‘ఎంఫసిస్’ను ‘ఊనిక’ అంటే కొత్తవాళ్లకు అందుతుందంటారా?