చర్చ: చెరసాల తలుపులు తెరుచుకోవడం విశ్వాసానికి కొలమానమా?

ప్రొద్దుటూరు సభ్యుడు:
గత ఆదివారం మా సంఘంలో బైబిలులోని అపొస్తలుల కార్యములు 16వ అధ్యాయం మీద ప్రసంగం జరిగింది. ఫిలిప్పీ చెరసాలలో కాళ్లకు బొండ (కొయ్య బంధకం) వేసి బిగించినా పౌలు, సీల మధ్యరాత్రి కీర్తనలు పాడారనీ, భూకంపం వచ్చి తలుపులన్నీ తెరుచుకున్నాయనీ, అంతటి విశ్వాసముంటే నేటికీ బంధకాలు తెగుతాయనీ అయ్యగారు చెప్పారు. అదే గ్రంథం 5, 12 అధ్యాయాల్లో చెరలో ఉన్న అపొస్తలులను, పేతురును దూతే వచ్చి విడిపించాడు. విడుదలను విశ్వాసఫలంగా బోధించడంలో తప్పేమిటి?

కడప సభ్యురాలు:
ఆ బోధ ఏం చేస్తుందో నేను చూశాను. కడప కేంద్ర కారాగారం బయట ములాఖత్ కోసం కూర్చున్న ఒక తల్లి, కొడుకు బెయిలు మూడోసారి కొట్టేశారని చెబుతూ, "నా విశ్వాసంలోనే ఏదో లోపముందమ్మా" అని కొంగుతో ముఖం కప్పుకుంది. ఆమె సంచిలోని అరటిపండ్లు అప్పటికే నల్లబడ్డాయి.

మీరు చూపిన 12వ అధ్యాయాన్నే మొదటి నుంచి చదవండి. పేతురును దూత విడిపించకముందే, రెండో వచనంలోనే, యోహాను సహోదరుడైన యాకోబును హేరోదు రాజు కత్తితో చంపించాడు. యాకోబు విశ్వాసం తక్కువని అక్కడ ఒక్క మాట లేదు. పైగా పేతురు వచ్చి తలుపు తట్టాడని రొదే అనే చిన్నది పరుగున చెబితే, ప్రార్థన చేస్తున్నవారే "నీవు పిచ్చిదానవు" అన్నారు. అంటే వారు నమ్మినంత మేరకు కొలిచి ఇచ్చిన విడుదల కాదది. ఇక ఫిలిప్పీలో తలుపులు తెరుచుకున్నాక ఎవరూ బయటికి పోలేదు. ఖైదీలు పారిపోయారనుకొని కత్తి దూసి ప్రాణం తీసుకోబోయిన చెరసాల నాయకుణ్ణి పౌలు కేక వేసి ఆపాడు, అతడు ఆ రాత్రే వారి గాయాలు కడిగాడు. ప్రసంగం నిలవవలసిన చోటు అదని నా అభిప్రాయం.

ప్రొద్దుటూరు సభ్యుడు:
యాకోబు సంగతి ఒప్పుకుంటాను. కానీ చెరలోనున్న వారికి విడుదల ప్రకటించడానికే వచ్చానని యేసు నజరేతులో చదివి వినిపించాడు గదా. నీకు విడుదల రాకపోవచ్చని ఖైదీతో చెబితే అది సువార్త ఎలా అవుతుంది?

కడప సభ్యురాలు:
ఆ ప్రభువుకు బాప్తిస్మమిచ్చిన యోహాను, చతుర్థాధిపతియైన (రాజ్యంలో నాలుగో భాగాన్ని ఏలే) మరో హేరోదు చెరలోనే తల పోగొట్టుకున్నాడు. "రాబోవువాడవు నీవేనా" అని చెరసాల నుంచే అడిగి పంపాడు. ప్రభువు ఆ సందేహానికి కోపగించుకోక, జనుల ఎదుట అతన్ని గొప్పవాడన్నాడు. ఖైదీకి ముందుగా చెప్పవలసింది ఇదే, సందేహం వచ్చినంత మాత్రాన దేవుడు తోసివేయడని.

సంకెళ్లలో ఉన్న పౌలు తిమోతికి రాసిన రెండో పత్రికలో, త్రోయలో కర్పు దగ్గర విడిచిన అంగీని, పుస్తకాలను తెమ్మని, శీతకాలం రాకముందే రమ్మని అడుగుతాడు. తన సంకెళ్లకు సిగ్గుపడక రోమాలో వెదకి వచ్చిన ఒనేసిఫోరును పేరు పెట్టి తలచుకుంటాడు. మత్తయి 25లో కూడా "చెరసాలలో ఉంటిని, నా యొద్దకు వచ్చితిరి" అనే ఉంది, విడిపించితిరి అని లేదు.

ఆ తల్లి విశ్వాసాన్ని తూచినవారు ఆమె సంఘంలో చాలామందే ఉన్నారు, ఆమె కొడుకును చూడడానికి మాత్రం ఇంతవరకు ఎవరూ వెళ్లలేదు. వచ్చే ములాఖత్ రోజున నేను ఆమెతో వెళ్తున్నాను. అబ్బాయి కళ్లద్దాలు పగిలిపోయాయట, కొత్తవి చేయించాం.