సప్లై చైన్ నేర్పే హైస్కూల్‌కి అమ్మాయిని పంపొచ్చా?

మేం న్యూయార్క్‌లోని క్వీన్స్‌లో ఉంటాం. ఎనిమిదో తరగతి చదువుతున్న మా అమ్మాయికి హైస్కూల్ దరఖాస్తు పెట్టాలి. హార్లెమ్‌లో 2013లో మొదలైన అర్బన్ అసెంబ్లీ స్కూల్ ఫర్ గ్లోబల్ కామర్స్ లాంటి చిన్న ప్రభుత్వ స్కూల్లో సప్లై చైన్ (సరుకు తయారైనచోటి నుంచి కొనేవాళ్ల దాకా చేర్చే పని) చదువుతానంటోంది. ఏదో మాటవరసకి అన్నది కాదు. ఇండియన్ స్టోర్‌లో బంగినపల్లి పెట్టె కనిపిస్తే చాలు, మీదున్న స్టిక్కర్లన్నీ చదివి, ఎక్కడ ప్యాక్ చేశారు, ఎలా వచ్చిందని షాపాయన్ని అడిగేస్తుంది.

బంధువులేమో స్పెషలైజ్డ్ స్కూళ్ల (ప్రవేశ పరీక్షతో సీటిచ్చే ఇక్కడి పేరున్న ప్రభుత్వ హైస్కూళ్లు) పరీక్షే రాయించమంటున్నారు. పిల్ల ఇష్టాన్ని కాదనడానికి నాకు మనసొప్పడం లేదు. నా టెన్షన్ ఒక్కటే: రేపు మనసు మారి ఇంజినీరింగ్ అంటే, కాల్‌క్యులస్, ఫిజిక్స్ ఇలాంటి చిన్న స్కూల్లో దొరుకుతాయా? పిల్లల్ని ఇలాంటిచోట చదివించినవాళ్లు, రట్గర్స్‌లోనో పెన్ స్టేట్‌లోనో, అలాంటి యూనివర్సిటీల్లో సప్లై చైన్ డిగ్రీ చేసినవాళ్లు దయచేసి చెప్పండి. స్కూల్ చూడ్డానికి తల్లిదండ్రుల్ని పిలిచే ఓపెన్ హౌస్‌లో ముందుగా ఏం అడగాలి?