‘నలగగొట్టి’లో దెబ్బ ఉందా?

క్త్వార్థకం:
బైబిల్లో పౌలు కొరింథీయులకు రాసిన మొదటి లేఖ, తొమ్మిదో అధ్యాయం చివరి వాక్యం. "నా శరీరమును నలగగొట్టి, దానిని లోపరచుకొనుచున్నాను" అని నోట్లో ఆడుతోంది. నలగగొట్టియా, నలుగగొట్టియా? ‘అణగగొట్టి’ అని కూడా ఎక్కడో చదివినట్టు లీలగా గుర్తు. కతోలిక మఠాల్లో తాడుతో ఒంటిని కొట్టుకొనే తపస్సుకి ఈ వాక్యాన్నే ఆధారం చేస్తారు కదా. తెలుగు మాటలో ఆ దెబ్బ నిజంగా ఉందా, లేక మనమే వింటున్నామా?

అరసున్న:
అచ్చులో ఉన్నది ‘నలగగొట్టి’. పాత పద్ధతిలో రాస్తే రెండు అరసున్నలు పడతాయి: నలఁగఁగొట్టి. మొదటిది ‘నలంగు’లోని పూర్ణబిందువు (నిండుసున్న) అరిగి మిగిలింది. రెండోది ద్రుతం, అంటే మాట చివరి నకారం: నలఁగన్ + కొట్టి. రెండు మాటలు విడివిడిగా ఉన్నాయి కాబట్టి ‘నలిగేలా కొట్టి’ అనే అర్థం. దెబ్బ ఉంది. ‘అణగగొట్టి’ మీ కల్పన.

ద్రుతప్రియ:
ద్రుతాన్ని చూపించి దెబ్బ ఉందంటే ఎలాగండీ అరసున్న గారూ! పోఁగొట్టు, చెడఁగొట్టు, ఎగఁగొట్టు, అన్నిట్లోనూ అదే ద్రుతం. పరువు పోగొట్టుకున్నవాడు దేన్ని కొట్టాడు? బాకీ ఎగ్గొట్టినవాడు ఎవర్ని కొట్టాడు? అక్కడ ‘గొట్టు’ ఉత్త ప్రేరణార్థకం, ‘అయ్యేలా చేయు’ అన్నంతే. పగలగొట్టు, విరగగొట్టు దగ్గరికొస్తే చెయ్యి కాస్త ఆడుతుంది. నలగగొట్టు ఈ రెండు గుంపుల్లో ఎటు చేరుతుందన్నదే అసలు పేచీ. వ్యాకరణం దాన్ని తేల్చదు.

వలపలగిలక:
వ్యాకరణం తేల్చకపోతే పై వాక్యం తేలుస్తుంది. "గాలిని కొట్టినట్టు నేను పోట్లాడుట లేదు." అక్కడ కొట్టు, ఇక్కడ గొట్టు. అనువాదకుడు చెవి ఉన్నవాడు. గ్రీకులో మాత్రం క్రియలు వేరు. మొదటిది ‘దెరో’, అంటే తోలు ఊడేలా బాదడం. రెండోది ‘హుపోపియాజో’. కంటి కింది భాగం ‘హుపోపియొన్’, అక్కడ కమిలేలా గుద్దడం అన్నమాట. ముష్టియుద్ధంవాళ్ళ పలుకుబడి. కొరింథు పక్కనే ఇస్త్మియా క్రీడలు జరిగేవి కాబట్టి చదివేవాళ్ళకి విడమరిచి చెప్పక్కర్లేదు.

సరదా ఏమిటంటే ఇదే క్రియ లూకా 18:5లో విధవరాలి నోటి పోరు పడలేని న్యాయాధిపతి వాడతాడు. అక్కడ మనవాళ్ళు వేసిన మాట ‘గోజాడకుండునట్లు’, అంటే వేడుకొని విసిగించకుండా. ఒకే గ్రీకు గుద్దు, ఒకచోట నలగగొట్టడం, ఇంకోచోట గోజాడడం!

పాతప్రతి:
గిలక గారు ఒక మెట్టు దాటేశారు. కొన్ని గ్రీకు ప్రతుల్లో అక్కడున్నది ‘హుపోపియాజో’ కాదు, ‘హుపొపియాజో’. ఓకారం కాదు, ఒకారం. అప్పుడు కన్ను పోయి, ‘అదిమిపెట్టు, నొక్కు’ అనే క్రియ పక్కకి చేరుతుంది. ఒక్క మాత్ర తేడాతో గుద్దు కాస్తా అదుముడైంది. మన లిపిలో ఒ, ఓ రెండూ ఉన్నాయి కాబట్టి చూపించగలిగాను. పండితులు ఎక్కువమంది దీర్ఘాన్నే ఒప్పుకుంటారు, నేనూ అటే. కాని క్త్వార్థకం గారి ‘అణగగొట్టి’ని కల్పనంటూ కొట్టిపారేయకండి. హ్రస్వపాఠానికి అంతకన్న మంచి తెలుగు దొరకదు.

చెదపురుగు:
నాదొక ఊహ. కంటి కింద కమిలితే ఏమవుతుంది? నల్లబడుతుంది. నలగ, నలుపు! అనువాదకుడు గ్రీకు మాటలోని కమిలిన రంగును కూడా తెలుగులోకి లాక్కొచ్చాడు.

అరసున్న:
రంగుకు అరసున్న లేదు, నలఁగుకు ఉంది. మీ లెక్కన పెళ్ళిలో నలుగు పెడితే పెళ్ళికూతురు నల్లబడాలి.

క్త్వార్థకం:
నలుగు సంగతి తర్వాత చూద్దాం. మధ్యయుగపు మఠాల్లో గ్రీకు చదివినవాళ్ళెందరు? వాళ్ళ చేతిలో ఉన్నది లాటిన్. అందులో దెబ్బ ఉందా?

తాళపత్రం:
లేదు, అదే అసలు విచిత్రం. లాటిన్‌లో ‘కాస్తీగో’. ‘కాస్తుస్’ అంటే శుద్ధమైన. శుద్ధమయ్యేలా నడిపించడం మూలార్థం. తర్వాత మందలించడం, దండించడం అయింది. లూకాలో మాత్రం అదే గ్రీకు క్రియకి ‘సుగిల్లో’ వేశారు, అంటే కమిలేలా కొట్టడం. దెబ్బ ఉన్న మాటని విధవరాలికిచ్చి, దెబ్బ లేని మాటని పౌలుకిచ్చారు. మఠాలవాళ్ళు మటుకు పౌలు వాక్యం పట్టుకునే తాడెత్తారు.

ఆ తాడు పేరు ‘దిస్కిప్లీనా’. మామూలుగా ముడులు వేసిన సన్నటి తాళ్ళ కట్ట, కొరడా కాదు. కొరడా అనగానే బండివాడు గుర్తొస్తాడు. దిస్కిప్లీనా మొదటి అర్థం చదువు, శిష్యుడు నేర్చుకునేది. అది క్రమంగా దండన అయి, చివరికి దండించే తాడు పేరైంది. "శుక్రవారం రాత్రి క్రమశిక్షణ పుచ్చుకొనేవారు" అని తర్జుమా చేస్తే చదివేవాడు సన్యాసులు ట్యూషన్‌కి వెళ్ళారనుకుంటాడు. మనకి చేతిలోనే మాట ఉంది: శిక్ష. సంస్కృతంలో చదువు, తెలుగులో దండన. దిస్కిప్లీనా నడిచిన దారినే నడిచిన మాట. "శిక్ష తీసుకొన్నారు" అంటే సరిగ్గా అతుకుతుంది.

ఇంకోటి ‘కిలీకియుం’. కిలికియ ప్రాంతపు మేక వెంట్రుకల ముతకగుడ్డ, డేరాలకి వాడేవారు. దాన్ని ఒంటికి ఆనేలా తొడుక్కుంటే వెంట్రుకల చొక్కా. 1170లో కాంటర్‌బరీలో ఆర్చిబిషప్ తోమస్ బెకెట్‌ని చంపాక పైబట్టలు తీస్తే లోపల బయటపడింది ఇదే, పేలతో సహా. తర్వాతి కాలంలో ఇదే పేరు తొడకి కట్టుకునే, లోపలివైపు మొనలున్న తీగ గొలుసుకి మారింది. పౌలు కిలికియలోని తార్సువాడు, డేరాలు కుట్టేవాడు కూడా. ఒంటిని నలగగొట్టుకున్నానన్నవాడి ఊరిగుడ్డే తపస్సు బట్టయింది. ఇది కాకతాళీయమే, సిద్ధాంతం చెయ్యొద్దు.

చెదపురుగు:
చెయ్యొద్దంటే ఎలా, అప్పుడే మొదలెట్టాను.

ద్రుతప్రియ:
శిక్ష బాగుంది, ఒప్పుకుంటున్నాను. కాని దెబ్బని లెక్కగట్టిన పెద్దమనిషిని వదిలేశారు. పదకొండో శతాబ్దంలో ఇటలీలోని ఫోంతె అవెల్లానా మఠంలో పీటర్ దామియన్ పట్టిక ఇదీ: మూడు వేల దెబ్బలు ఒక ఏడాది ప్రాయశ్చిత్తానికి సమానం. పది కీర్తనలు చదివేలోపు వెయ్యి దెబ్బలు. 150 కీర్తనలకి పదిహేను వేలు, అంటే అయిదేళ్ళు. ఇరవైసార్లు కీర్తనల గ్రంథం పూర్తిచేస్తే మూడు లక్షలు, నూరేళ్ళు. ఒంటికానుకొని ఇనుపకవచం తొడుక్కునే దొమినిక్ లోరికాతుస్ (మరణం 1060) దాన్ని ఆరు రోజుల్లో ముగించేవాడని దామియనే రాశాడు. రోజుకి యాభై వేలు. రోజుకి పదహారు గంటలు మేలుకున్నా నిమిషానికి యాభై రెండు. రెండు చేతులా కొట్టుకున్నా ఈ లెక్కలో దెబ్బ పైపైన తగలాలే తప్ప నలగడానికి వ్యవధి ఉండదు. నలగగొట్టు కాదది, తాళం వేయడం.

జెస్యూట్ సంఘం స్థాపించిన ఇగ్నేషియస్ లొయోలా దగ్గరికొస్తే లెక్క పోయి కొలత వస్తుంది. ‘ఆధ్యాత్మిక సాధనలు’లో 82 నుంచి 89 దాకా పేరాలు చూడండి. బయటి తపస్సు మూడు చోట్ల: తిండి, నిద్ర, ఒళ్ళు. ఎక్కువైంది తగ్గించుకుంటే అది మితమే, తపస్సు కాదు. తగినంతలోంచి కూడా తగ్గిస్తే తపస్సు. అయితే జబ్బు పడేంత కాదు. 86లో మరీ స్పష్టం: నొప్పి కండకి తెలియాలి, ఎముకకి చేరకూడదు, అందుకు సన్నటి తాళ్ళే తగినవి. మరో రకంగా కొట్టుకుంటే లోపల జబ్బు చేస్తుంది, అదీ కారణం. కోరిన ఫలం కనబడకపోతే రెండు మూడు రోజులు చేసి, రెండు మూడు రోజులు మానేసి చూడమంటాడు. 1548లో ఫ్రాన్సిస్ బోర్జియాకి రాసిన జాబులో ఉపవాసాలు తగ్గించు, రక్తం చుక్క కూడా రాకూడదన్నాడు. ఈయన చదివిన ‘కాస్తీగో’లో నలుగుడు లేదు. కాబట్టి గొట్టు ప్రేరణార్థకమే!

వలపలగిలక:
లొయోలాని సాక్షిగా పిలిచి తెలుగు ప్రత్యయం గెలిపించుకున్నారు. భేష్.

చెదపురుగు:
ఇంత లెక్కలెందుకు? చిత్తశుద్ధి లేని శివపూజలేలరా.

పాతప్రతి:
ఈ గుంపులో ఏ చర్చయినా వేమన దగ్గరికి వచ్చి ఆగాల్సిందేనా? ఒంటి గురించి అడగాల్సింది పోతనని. ఏడో స్కంధం, ప్రహ్లాదుడు: "కంజాక్షునకుఁ గాని కాయంబు కాయమే, పవనగుంభిత చర్మభస్త్రి గాక." దేవుడికి పనికిరాని ఒళ్ళు గాలి నింపిన తోలుతిత్తి. గాలిని కొట్టను, ఒంటిని కొడతానన్న పౌలు పక్కన పెట్టి చూడండి. ఈయన దాన్ని కొట్టమనడు, దేనికి వాడుతున్నావని అడుగుతాడు.

తాళపత్రం:
పోలిక బాగుంది, పాఠం బాలేదు. ‘గుంఫిత’. ఫకారం.

పాతప్రతి:
గుంఫితం అంటే గుచ్చినది, కూర్చినది. పూలని గుచ్చుతారు. గాలిని గుచ్చడమేమిటి స్వామీ?

తాళపత్రం:
మీరు అర్థం చూసి అక్షరం దిద్దుతున్నారు. లేఖకులు ఎప్పుడూ చేసిన పొరపాటు అదే. కష్టమైన పాఠమే పాతది కావడానికి అవకాశం ఎక్కువ. పైగా ఊపిరిని వరసగా, దండలా లోపలికీ బయటికీ కూర్చే తిత్తి అనుకుంటే గుంఫితంలో ఉన్న సొగసు గుంభితానికి రాదు.

వలపలగిలక:
ఆ తర్వాతి పాదం చూశారా? "వైకుంఠుఁ బొగడని వక్త్రంబు వక్త్రమే, ఢమఢమ ధ్వనితోడి ఢక్క గాక." కొట్టు అనే క్రియ వాడకుండానే కొట్టుడు వినిపించాడు. ద్రుతప్రియ గారికి పోటీగా ఇది నా సాక్ష్యం. ప్రత్యయం దేనికి, శబ్దం చాలు.

క్త్వార్థకం:
పోతనని కాదనలేను. కాని ఇప్పటి కతోలిక ధర్మశాసనంలో తాడు ప్రస్తావనే లేదుగా, ఉన్నది ఉపవాసం, మాంసవర్జనం. మరి ఈ వాక్యం ఇప్పుడు దేన్ని సమర్థిస్తుంది?

అరసున్న:
అందరికీ విధించినవి అవే. 1966లో ఆరో పౌలు పోపు ‘పెనితేమినీ’ శాసనంతో సడలించారు, 1983 స్మృతిలో 1249 నుంచి 1253 దాకా నియమాల్లో అదే నిలిచింది. విభూది బుధవారం, పవిత్ర శుక్రవారం రెండు రోజులే ఉపవాసం: ఒకసారి కడుపునిండా, పొద్దునా సాయంత్రమూ ఏదో కొద్దిగా. ఆ ‘కొద్దిగా’కి పాత పేరు ‘కొలాత్సియో’. మఠాల్లో సాయంత్రం పాతకాలపు సన్యాసి కాసియన్ రాసిన ‘సంభాషణలు’ చదివి వినిపించేవారు, వాటి లాటిన్ పేరు ‘కొలాత్సియోనేస్’. ఆ చదువు పక్కన చేరిన చిన్న పలహారానికి పుస్తకం పేరే అంటుకుంది. ఇక్కడా చదువే, తాళపత్రం గారూ. దిస్కిప్లీనా చదువు తాడైంది, ఈ చదువు పలహారమైంది.

1252లోని వయసులు మాత్రం మన క్యాలెండర్లవాళ్ళు తప్పేస్తారు. మాంసవర్జనం పద్నాలుగేళ్ళు ‘నిండినవారికి’, అక్కడ లాటిన్ ‘ఎక్స్‌ప్లేవెరింత్’. ఉపవాసం పద్దెనిమిది నిండినప్పటి నుంచి అరవయ్యో ఏడు ‘ఇంచెప్తుం’ దాకా. ఇంచెప్తుం అంటే మొదలైన. తెలుగులో చక్కగా ‘అరవయ్యో ఏడు పడేదాకా’ అనొచ్చు. అంటే 59వ పుట్టినరోజు దాటగానే విడుదల. ‘అరవై ఏళ్ళు నిండేదాకా’ అని వేస్తే మనిషి ఒక ఏడాది అదనంగా పస్తుంటాడు.

ద్రుతప్రియ:
పడడం, నిండడం తేడా బాగా చెప్పారు. ‘వెళ్ళడం’ ఎక్కడ పెడతారు? "అరవై వెళ్ళాయి" అంటే?

అరసున్న:
నిండడమే.

ద్రుతప్రియ:
కాదండీ. ‘ఆ నెల వెళ్ళాక’ అంటాం, ‘ఆ నెల నిండాక’ అనం. నెలలు నిండడం వేరే సంగతి. వెళ్ళడంలో అవతలికి దాటిపోవడం ఉంది.

పాతప్రతి:
అందరూ నలగగొట్టి దగ్గరే ఆగిపోయారు. ‘లోపరచుకొను’ సంగతేమిటి? గ్రీకులో అక్కడున్నది బానిసని చేసి నడిపించడం, నిఘంటువుల్లో మనకున్నది ‘లోఁబడు’, అరసున్నతో. ఆ లెక్కన ‘లోఁబఱచు’ కావాలి, బకారం. ఆదికాండం మొదటి అధ్యాయంలో భూమికీ, ఇక్కడ ఒంటికీ పకారమే అచ్చేశారు. దాసుణ్ణి చేయడమా, లోపలికి పరుచుకోవడమా?

అరసున్న:
వస్తున్నాను, అరసున్న మాటెత్తారు కదా. మొదట ‘లో’ ద్రుతాంతమా కాదా తేల్చండి.